వస్తువు అచ్చుగుద్దినట్టు వస్తోంది, అందం మాత్రం రావట్లేదు. వాటర్ కలర్ వేసేవాళ్ళు కాస్త చెప్పండి

తడికాగితం
రోజూ చేతిలో తిరిగే వస్తువులనే కొంతకాలంగా వాటర్ కలర్‌లో వేస్తున్నాను. కత్తెర, తాళంచెవుల గుత్తి, కళ్ళజోడు, బట్టల క్లిప్పు, చెంచా, ఇలాంటివే. బాగా వివరంగా వేస్తాను. మొన్నటి కత్తెరలో స్క్రూ మీది గాడి, బ్లేడు మీద సన్నటి గీతలు, పిడి దగ్గర పూత లేచిపోయిన చోట్లు, ఏదీ వదల్లేదు. చూసినవాళ్ళంతా "అచ్చం ఫోటోలా ఉంది" అంటున్నారు, నాకే తృప్తి లేదు. ఆ కత్తెర బల్ల మీద పడి ఉన్నప్పుడు పక్క నుంచి వెలుగు తగిలి, అబ్బ ఎంత బాగుంది అనిపించింది, అందుకే కదా కాగితం తీసింది. తీరా బొమ్మ పూర్తయ్యాక చూస్తే కత్తెర ఉంది, నన్ను ఆపి చూసేలా చేసింది ఏదో అది లేదు. వివరం పెరిగేకొద్దీ వస్తువు బిగుసుకుపోతోంది. ఎందుకిలా?

మందంగా, కాస్త గరుకుగా ఉండే 300 జీఎస్ఎం కోల్డ్ ప్రెస్ కాగితం, ట్యూబ్ రంగులు, బాగా సన్నటి ట్రిపుల్ జీరో నుంచి నాలుగో నంబరు దాకా బ్రష్‌లు. "వదులుగా వేయండి, స్వేచ్ఛగా వేయండి" అనే సలహా మాత్రం వద్దు, నాకు వివరంగా వేయడమే ఇష్టం.

సగంగీత
ఫోటోలా ఉంది అన్నా తృప్తి లేదా! నా తాళంచెవి చూసి మా ఇంట్లో చేపా అని అడిగారు. ఆ మాట నాకు ఇప్పించండి, నేను దాచుకుంటా.

కుంచె_చివర
తడికాగితం గారూ, ఒక్కటి చెప్పండి. మీ బొమ్మలో స్క్రూ ఎంత స్పష్టంగా ఉందో పిడి చివర కూడా అంతే స్పష్టంగా ఉందా? అంచులన్నీ ఒకే రకంగా పదునుగా ఉన్నాయా?

తడికాగితం
ఉన్నాయి. వివరం అంటే అదే కదండీ.

కుంచె_చివర
కిటుకంతా అక్కడే ఉంది. మన కంటికి ఒక్కసారికి స్పష్టంగా కనిపించే జాగా చాలా తక్కువ. చెయ్యి బారుగా చాపి బొటనవేలు చూసుకోండి, దాని వెడల్పు ఎంతో దాదాపు అంతే. మిగతాదంతా మసక. కన్ను ఆగకుండా తిరుగుతుంది కాబట్టి ఆ సంగతి మనకి తెలియదు. మీరు కత్తెరలో ప్రతి అంగుళం దగ్గరా ఆగి, ఆ అంగుళాన్ని మాత్రమే చూస్తూ వేశారు. విడివిడిగా ప్రతి ముక్కా నిజమే, అన్నీ కలిపితే మాత్రం ఎవరూ ఎప్పుడూ అలా చూడని కత్తెర తయారవుతుంది.

వదులుగా వేయమనడం లేదు. మిమ్మల్ని ఆపిన చోటు ఏదో ముందు తేల్చుకోండి. బ్లేడు మీద వెలుగు తెగిన చోటా? రెండు బ్లేడ్లు కలిసే దగ్గర ఉన్న ఆ చిక్కటి నలుపా? అక్కడ ఎంత వివరం కావాలంటే అంత పెట్టండి, గంటలు గంటలు కూర్చోండి. అక్కడి నుంచి దూరం జరిగేకొద్దీ అంచులు మెత్తబడాలి. వెలుగు పడ్డ బ్లేడు అంచు వెనక తెల్లటి బల్ల ఉంటే అక్కడ అసలు గీతే వద్దు, కాగితాన్ని అలా వదిలేయండి, చూసేవాళ్ళ కన్ను ఆ అంచుని తనే పూర్తి చేసుకుంటుంది. కళ్ళు సగం మూసి చూడండి, ఏ అంచులు మాయమైపోతున్నాయో తెలిసిపోతుంది. అవి మాయమవడం కూడా ఆ వస్తువు గురించిన వివరమే.

ఆకుపొర
దీనితో నేను ఏకీభవించను. వృక్షశాస్త్ర చిత్రాలు వేస్తాను, మా దగ్గర ఈ "ఒక్కచోటే వివరం" సూత్రం నడవదు. ఆకు కొనలో ఈనె ఎలా ఉందో, తొడిమ దగ్గరా అంతే స్పష్టంగా ఉండాలి. దానివల్ల అందం పోతుందంటే ఒప్పుకోను. జర్మన్ చిత్రకారుడు ఆల్బ్రెక్ట్ డ్యూరర్ 1503లో ఒక గడ్డిపెళ్ళ వేశాడు, వియన్నాలో ఆల్బర్టీనా మ్యూజియంలో ఉంది. రాజు లేడు, దేవుడు లేడు, కథ లేదు. గడ్డి పరకలు, ఒక కలుపు మొక్క, కింద తడి మట్టిలో వేళ్ళు. ప్రతి పరకా విడిగా వేశాడు. 500 ఏళ్ళు దాటినా జనం దాని ముందు నిలబడిపోతున్నారు. ఆ బొమ్మలో ఏ పరక దగ్గర వివరం తగ్గించాడో చూపించండి.

కుంచె_చివర
ఆకుపొర గారూ, ఆ బొమ్మనే మళ్ళీ చూడండి. పైన పొడుగాటి పరకల వెనక ఏముంది? ఏమీ లేదు, ఖాళీ. నిజంగా పొలంలో పరకల వెనక ఇంకో వెయ్యి పరకలు ఉంటాయి, వాటన్నిటినీ తీసేశాడు. అందుకే ఒక్కొక్క పరక వంపు అంత తేటగా కనిపిస్తుంది. కింద దట్టంగా ఉన్న చోట ఆకులు ఒకదాని నీడలో ఒకటి కలిసిపోతాయి. ఆ కలుపు మొక్క డాండెలియన్, దాని పూలు కూడా విచ్చుకుని లేవు, ముడుచుకునే ఉన్నాయి, పసుపు రంగు వచ్చి కన్నుని లాగేయకుండా. ఏం వదలాలో ఆయనకి బాగా తెలుసు.

ఆకుపొర
ఖాళీ విషయం ఒప్పుకుంటాను. పూల విషయం మీ ఊహ, ఆ రోజు అవి ముడుచుకుని ఉండుంటాయి అంతే.

కుంచె_చివర
అదీ నిజమే. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నా, ఖాళీ మాట మాత్రం వదలను.

పాతఇనుము
మీరు డ్యూరర్ దగ్గర తేల్చుకునేలోపు నాకొక సాయం. తుప్పు పట్టిన మేకు వేస్తున్నాను. తుప్పు రంగు ఎలా కలపాలి? నారింజ, గోధుమ, నలుపు కలిపితే బురదలా వస్తోంది.

మట్టిరంగు
ఇది నా పేటలోకి వచ్చిన ప్రశ్న. కలపడం మానేయండి. బర్న్ట్ సియెన్నా అనే ఎర్రటి గోధుమరంగు ట్యూబ్ వెనక చిన్న అక్షరాల్లో, లోపలున్న రంగు పదార్థం కోడ్, పీబీఆర్7 అనో పీఆర్101 అనో ఉంటుంది. రెండూ ఐరన్ ఆక్సైడే. తుప్పూ ఐరన్ ఆక్సైడే. అంటే మీరు తుప్పుని దాని సొంత రంగుతోనే వేస్తున్నారన్నమాట. పసుపుపచ్చని రా సియెన్నా మట్టిలో ఉండే ఇనుప ఖనిజం నీటితో కలిసి ఉంటుంది, దాన్ని కాలిస్తే ఆ నీరు పోయి ఎర్రబడుతుంది, అదే బర్న్ట్ సియెన్నా. మీ మేకు మీద కూడా చూడండి, పచ్చగా ఉన్న చోట్లు, ఎర్రగా ఉన్న చోట్లు రెండూ ఉంటాయి. ట్యూబుల్లో ఆ రెండూ విడివిడిగా సిద్ధంగా ఉన్నాయి.

వేసే పద్ధతి: మేకు ఆకారం అంతా రా సియెన్నా పలచటి పూత. అది తడిగా ఉండగానే బర్న్ట్ సియెన్నా చిక్కగా అక్కడక్కడా తాకించి చెయ్యి తీసేయండి. కదపకూడదు. ఇంకా కొంచెం తడి ఉండగా నీడ వైపు అల్ట్రామెరీన్ నీలం. అల్ట్రామెరీన్ గింజలు కాగితం గుంటల్లోకి దిగుతాయి, బర్న్ట్ సియెన్నాతో కలిసిన చోట బూడిదరంగు వస్తుంది, ఆరేటప్పుడు రెండూ కాస్త విడిపోయి ఒక గరుకుదనం వస్తుంది. ట్రిపుల్ జీరోతో చుక్కలు పెట్టుకుంటూ కూర్చున్నా ఆ గరుకు రాదు. నీళ్ళకి, రంగు గింజలకి ఆ పని వదిలేయాలి. పూర్తిగా ఆరాక అప్పుడు బ్రష్ వేళ్ళతో పిండి, దాదాపు పొడి బ్రష్‌తో పగుళ్ళు, పెచ్చులు గీయండి.

పాతఇనుము
తుప్పుతోనే తుప్పు. ఇది చదివాక మేకు మీద గౌరవం పెరిగింది. ఇప్పుడే నీళ్ళు మారుస్తున్నా.

తడికాగితం
మట్టిరంగు గారూ, ఇందులో నాకూ జవాబు దొరికింది. నేను మొదటి పూత నుంచే సన్న బ్రష్‌తో మొదలుపెడతాను. గరుకంతా చుక్కలతోనే తెస్తున్నాను.

ఎండపొడ
చాలాసేపటి నుంచి చదువుతున్నా. అంచులు, పూతలు, పిగ్మెంట్లు అన్నీ సరే. అడిగిన ప్రశ్న అందం గురించి కదా. నన్నడిగితే తడికాగితం గారు కత్తెరని వేశారు, వెలుగుని వేయలేదు. ఆయన్నో ఆవిడనో గానీ ఆపింది కత్తెర కాదు, పక్క నుంచి పడ్డ వెలుగు. బొమ్మ వేస్తున్నంతసేపూ ఆ వెలుగు అక్కడే ఉందా?

తడికాగితం
ఆవిడనే. వెలుగు ఉండలేదు. పొద్దున మొదలుపెడితే సాయంత్రానికి నీడ అటు నుంచి ఇటు వచ్చేసింది. ఏ గంటలో కనిపించింది ఆ గంటలో వేసుకుంటూ పోయాను.

ఎండపొడ
అందుకే బొమ్మలో వెలుగు ఎటు నుంచీ రావట్లేదు. ఒక అట్టపెట్టె తీసుకోండి. ముందు వైపు, ఒక పక్క కోసేయండి. లోపల వస్తువు పెట్టి, తెరిచిన పక్క నుంచి ఒకే ఒక్క టేబుల్ ల్యాంప్. వస్తువు కదలకుండా కింద దాని చుట్టూ పెన్సిల్‌తో గుర్తు. మీరు కూర్చునే కుర్చీ కాళ్ళకి కూడా గుర్తు పెట్టుకోండి. ఎన్ని రోజులైనా అదే వెలుగు, అదే నీడ. ముందు నీడ ఆకారం గీయండి, తర్వాతే వస్తువు. నీడ సరిగ్గా వస్తే వస్తువు సగం వచ్చేసినట్టే.

పాతఇనుము
వెలుగు సరే, వస్తువు కూడా ముఖ్యమే అంటాను. వాడి వాడి అరిగిన వస్తువులో ఉన్నది కొత్తదానిలో ఎక్కడుంది? అరిగిన చెక్క పిడి, సొట్టపడ్డ పెన్సిల్ డబ్బా, మడతలు పడ్డ తోలు బెల్టు, ఇవి వేస్తే ఎవరైనా ఆగి చూస్తారు. షాపు నుంచి అప్పుడే తెచ్చిన ప్లాస్టిక్ వస్తువులో ఏముందని వేయడం?

ఎండపొడ
ఇదిగో, దీనికి నేను అడ్డం. పాత వస్తువు వేస్తే దాని పాతదనమే సగం పని చేసిపెడుతుంది, చూసేవాళ్ళు తమ జ్ఞాపకాలు తెచ్చి అందులో పోసుకుంటారు. అది తేలిక దారి. కొత్త ప్లాస్టిక్ బట్టల క్లిప్పు ఒకటి తీసుకుని, నీలంది, వెలుగుకి ఎదురుగా పెట్టి చూడండి. వెలుగు దానిలోకి వెళ్ళి లోపలంతా పాకుతుంది. పల్చగా ఉన్న పళ్ళ దగ్గర లేత నీలం, మందంగా ఉన్న చోట ముదురు. స్ప్రింగు దగ్గర మాత్రం కటిక నలుపు, దాని మీద వెంట్రుకంత తెల్లటి మెరుపు. ఇక నీడ చూడండి, మధ్యలో నీలం ఉంటుంది! వస్తువు గుండా దూరి వచ్చిన వెలుగు నీడకి రంగు పులుముతుంది. వాటర్ కలర్ కూడా అచ్చం ఇలాగే పని చేస్తుంది కదా, వెలుగు పారదర్శకమైన పూత గుండా వెళ్ళి, కాగితాన్ని తాకి, మళ్ళీ ఆ పూత గుండానే మన కంట్లోకి వస్తుంది. ఆ క్లిప్పు వేయడానికి ఇంతకన్నా తగిన రంగు లేదు. దీనికి జ్ఞాపకాలతో పనేముంది?

పాతఇనుము
నీడలో నీలం ఉంటుందా? ఆగండి చూసొస్తా.

పాతఇనుము
ఉంది. నిజంగానే ఉంది. అయినా నా మేకు నాదే.

లోలకం
ఇంత తంటా ఎందుకు? ఫోన్‌తో ఫోటో తీసి, ప్రింట్ వేసి, కింద నుంచి వెలుగు వచ్చే లైట్ బాక్స్ మీద ట్రేస్ చేసుకుంటే వెలుగు మారదు, కొలతలు తప్పవు. నేను అలాగే చేస్తాను. గీత తప్పులేకుండా ఉంటే మొత్తం దృష్టి రంగు మీదే పెట్టొచ్చు.

కుంచె_చివర
ట్రేసింగ్ పాపమేమీ కాదు. కానీ ఆవిడ బాధే "ఫోటోలా ఉంది" అన్నది, దానికి మందు ఫోటోనా?

లోలకం
ఫోటో అంటే అంత అలుసు అక్కర్లేదు. వాడే పద్ధతిలో ఉంటుంది.

ఎండపొడ
అలుసు కాదు లోలకం గారూ, ఫోన్ కెమెరాతో రెండు చిక్కులున్నాయి. చిన్న వస్తువుని బాగా దగ్గర నుంచి తీస్తే ముందున్న భాగం ఉబ్బిపోయి వెనకది కుంచించుకుపోతుంది. చెంచా గరిటె అయిపోతుంది, దాన్నే ట్రేస్ చేస్తే ఆ వికారం కూడా వస్తుంది. రెండోది, వెలుగుకి సరిచేస్తే నీడలన్నీ నల్లముద్ద అవుతాయి, నీడకి సరిచేస్తే మెరుపులన్నీ తెల్లముద్ద. మన కన్ను నీడలోకి చూసినప్పుడు నీడకి, మెరుపులోకి చూసినప్పుడు మెరుపుకి సర్దుకుంటుంది, అందుకే నీడలో ఉన్న రంగులు నేరుగా చూస్తేనే దొరుకుతాయి. ఫోటో తీయాల్సిందే అంటే దూరం నుంచి జూమ్ చేసి తీయండి, రంగులు మాత్రం వస్తువుని చూసి వేయండి.

లోలకం
దూరం నుంచి జూమ్, ఇది పనికొచ్చే మాట. గీతకి ఫోటో, రంగుకి వస్తువు. సరే, రాజీ.

కిటికీపక్క
నేను వేరే కోణంలో చెప్తాను, కాస్త పెద్దగా ఉంటుంది. ఒంట్లో బాగోక చాలా నెలలు మంచం మీదే ఉన్నాను. లేచి తిరిగే పని లేదు, కిటికీలోంచి చూద్దామంటే ఎదురుగా గోడ. మంచం పక్క బల్ల మీద ఏముంటే అవే వేయడం మొదలుపెట్టాను. మాత్రల స్ట్రిప్, నీళ్ళ గ్లాసు, కళ్ళజోడు, థర్మామీటర్. మొదట్లో ఆ స్ట్రిప్ అంటే నాకు అసహ్యం, పూటకోసారి దాని మొహం చూడాల్సి వచ్చేది. వేయడానికి కూర్చున్నాక సంగతి వేరు. మాత్ర తీసేసిన గుంట చుట్టూ రేకు చిరిగి చిన్న చిన్న రెక్కల్లా పైకి లేచి ఉంటుంది, ప్రతి రెక్కా ఒక్కో వైపుకి తిరిగి ఒక్కోదాన్ని పట్టుకుంటుంది. ఒకదానిలో దుప్పటి ఎరుపు, ఒకదానిలో కిటికీ తెలుపు, ఒకదానిలో ఏమీ లేని చీకటి. ఇంకా మాత్ర ఉన్న గుంట మీద ప్లాస్టిక్ బుడగ, దాని మీద కిటికీ ప్రతిబింబం వంగి, చువ్వలతో సహా. వెండి రంగు ఎక్కడా లేదు. వెండిలా కనిపించే దానిలో ఉన్నవన్నీ గదిలోని రంగులే.

ఆ తర్వాత ఆ స్ట్రిప్ చూస్తే అసహ్యం వేయలేదు. మందు వేసుకోవడం మానలేదు, నొప్పి తగ్గలేదు, కానీ ఆ బల్లని చూడటానికి పొద్దున్నే ఎదురుచూసేదాన్ని. అందం ముందే అక్కడ ఉండి మనం వెళ్ళి తీసుకొస్తామా, చూడటం వల్ల వస్తుందా అన్నది నాకు తెలియదు. నా వరకు, ఎక్కువసేపు చూశాక కూడా అనాకారిగా మిగిలిన వస్తువు ఒక్కటీ తగల్లేదు.

సగంగీత
కిటికీపక్క గారూ, ఇది రెండుసార్లు చదివాను.

ఆకుపొర
మీ పోస్టు చదువుతుంటే విలియం హెన్రీ హంట్ గుర్తొచ్చాడు. ఇంగ్లండ్ వాటర్ కలర్ చిత్రకారుడు, 1790 నుంచి 1864 దాకా ఉన్నాడు. కాళ్ళ లోపం వల్ల ఎక్కువ తిరగలేకపోయేవాడు. కూర్చున్న చోట నుంచే పక్షిగూళ్ళు, పళ్ళు, పూలు ఎంత వివరంగా వేశాడంటే జనం ఆయన్ని "పక్షిగూళ్ళ హంట్" అని పిలిచారు. గూడులో ఒక్కో పుల్ల, గుడ్డు మీద ఒక్కో మచ్చ.

ఇక్కడ వేసేవాళ్ళకి ఆయన పద్ధతి కూడా పనికొస్తుంది. కావలసిన చోట ముందు చైనీస్ వైట్ మందంగా పెట్టి గట్టిపడనిచ్చి, దాని మీద శుభ్రమైన రంగులు కలపకుండా చిన్న చిన్న తాకుళ్ళుగా పెట్టేవాడు. అడుగున ఆ తెలుపు ఉండటం వల్ల పై రంగు వెలిగిపోతుంది. చైనీస్ వైట్ అంటే జింక్ వైట్, విన్సర్ అండ్ న్యూటన్ అనే రంగుల కంపెనీ 1834లో తెచ్చింది.

లోలకం
తెల్లరంగు వాడితే అది వాటర్ కలర్ కిందకి రాదని మా టీచర్ అనేవారు. తెలుపు అంటే కాగితమే.

ఆకుపొర
ఆ నియమం ఎవరు పెట్టారో! డ్యూరర్ గడ్డిలోనూ ఒపేక్ రంగు, అంటే అడుగు కనపడనివ్వని రంగు, ఉంది. జహంగీర్ కొలువులో ఉస్తాద్ మన్సూర్ 1612 ప్రాంతంలో వేసిన టర్కీ కోడి లండన్‌లో విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉంది, అది కూడా ఒపేక్ వాటర్ కలరే. తుమ్మ జిగురులో కలిపిన రంగు ఏదైనా వాటర్ కలరే నా దృష్టిలో.

కుంచె_చివర
వాడొచ్చు, కానీ రెండు తెలుపులూ ఒకటి కాదు. వదిలేసిన కాగితం వెలుగులా ఉంటుంది, పెట్టిన తెలుపు పదార్థంలా ఉంటుంది, కొంచెం చల్లగా, సుద్దలా. గాజు గ్లాసు మీద మెరుపుకి కాగితం వదలండి. కళ్ళజోడు అద్దం మీద దుమ్ము, దారం మీద నూగు, వీటికి పెట్టిన తెలుపే బాగుంటుంది. తెల్లగా ఉంచాల్సిన చోట రంగు అంటకుండా ముందే పూసే మాస్కింగ్ ఫ్లూయిడ్ గురించి ఎవరూ అడగలేదు గానీ చెప్తున్నా, అది తీసేశాక అంచు కత్తితో కోసినట్టు ఉంటుంది, అలా వదిలేయొద్దు. తడి బ్రష్‌తో ఒక పక్క అంచుని నెమ్మదిగా రుద్ది మెత్తబరచండి. మంచి బ్రష్‌ని దానిలో ముంచకండి, పాత బ్రష్‌కి ముందు సబ్బు పట్టించి వాడండి.

తడికాగితం
అందరికీ ఒకేసారి. అట్టపెట్టె, ల్యాంప్, కుర్చీ గుర్తులు పెట్టుకుని అదే కత్తెర మళ్ళీ వేశాను. ముందే తేల్చుకున్నా, నన్ను ఆపింది రెండు బ్లేడ్లు దాటే చోటు, కింది బ్లేడు మెరుపుని పై బ్లేడు నీడ అడ్డంగా తెంపే దగ్గర. వివరమంతా అక్కడ. పిడి వైపు ఒకటే తడి పూత, లోపల రంగు దానంతట అదే పాకింది. పై బ్లేడు అంచు సగం దూరం గీయలేదు, కాగితమే. తేడా ఎంతో! కొన్ని చోట్ల కత్తెర లేదు, అయినా ఇదివరకటి కన్నా ఎక్కువ కత్తెరలా ఉంది. ఆకుపొర గారూ, మీరు చెప్పింది కూడా పట్టుకున్నా, ఆ దాటే చోట మాత్రం ఒక్క గీత కూడా వదల్లేదు.

ఇంకా ఒకటి కుదరట్లేదు. బల్ల మీద నీడ అతికించినట్టు ఉంది. కత్తెర తేలుతోంది.

ఎండపొడ
నీడ అంతా ఒకే చిక్కదనంలో, చుట్టూ ఒకే అంచుతో వేశారా?

తడికాగితం
అవును, బూడిదరంగు ఒకే పూత.

ఎండపొడ
ల్యాంప్ అంటే ఒక చుక్క కాదు, దానికీ వెడల్పుంది. వస్తువు బల్లని తాకుతున్న చోట వెలుగు అస్సలు దూరదు, అక్కడ సన్నటి, చాలా ముదురు గీత ఉంటుంది, అంచు పదును. వస్తువు నుంచి దూరం వెళ్ళేకొద్దీ ల్యాంప్‌లో కొంత భాగం నుంచి వెలుగు దూరి వస్తుంది, అందుకే అంచు మెత్తబడి నీడ పలచబడుతుంది. తాకే చోట ఆ ముదురు గీత పెట్టగానే కత్తెర బల్ల మీద కూర్చుంటుంది. చూస్తుండగానే.

మట్టిరంగు
ట్యూబ్ బూడిదరంగు వద్దు. అల్ట్రామెరీన్, బర్న్ట్ సియెన్నా కలుపుకోండి, వస్తువు దగ్గర సియెన్నా ఎక్కువ, దూరంగా నీలం ఎక్కువ. తడిగా ఉన్నప్పుడు మీకు కావాల్సిన దానికన్నా ఒక మెట్టు ముదురుగా వేయండి, ఆరాక లేతబడుతుంది. ఒకే పూతలో వేసి వదిలేయాలి. నీడని మళ్ళీ మళ్ళీ రుద్దితే కాగితం పైపొర లేచి మసి పూసినట్టు అవుతుంది.

కుంచె_చివర
ట్రిపుల్ జీరో సంగతి కూడా. దాని పొట్టలో రంగు చుక్కంత కూడా పట్టదు, పాలెట్ నుంచి కాగితం దాకా వచ్చేలోపే సగం ఆరిపోతుంది, గీత తెగుతుంది. కొన బాగున్న ఆరో నంబరు బ్రష్‌తో వెంట్రుక గీత వస్తుంది, పైగా గీత పొడుగునా రంగు అందుతుంది. 1866లో విన్సర్ అండ్ న్యూటన్ వాళ్ళు విక్టోరియా రాణి కోసం చేసిన బ్రష్‌లకి సిరీస్ 7 అని పేరు రావడానికి కారణం ఆమెకి ఏడో సైజు ఇష్టమవడమే అంటారు. రాణిగారు కూడా ట్రిపుల్ జీరో అడగలేదు.

సగంగీత
అంటే నా బ్రష్‌ల డబ్బాలో సగం ఎవరికైనా ఇచ్చేయొచ్చు. మరి నాలాంటివాళ్ళు ఏ వస్తువుతో మొదలుపెట్టాలి? చెంచా తేలికా?

కుంచె_చివర
చెంచా తేలిక కాదు. గుంట వైపు గది మొత్తం తలకిందులుగా కనిపిస్తుంది, వీపు వైపు నిటారుగా, బాగా చిన్నగా. చాలా ముదురు రంగు, కాగితం తెలుపు పక్కపక్కనే వస్తాయి, మధ్య షేడ్‌లు తక్కువ. చిక్కని నలుపు పెట్టడానికి భయపడితే అది ఎప్పటికీ లోహం అవదు.

ఆకుపొర
రాయితో మొదలుపెట్టండి. గుండ్రటిది, మెరుపు లేనిది. జాన్ రస్కిన్ అని 19వ శతాబ్దపు ఇంగ్లండ్ కళా విమర్శకుడు, ఆయన కూడా నేర్చుకునేవాళ్ళ చేత రాయి గీయించేవాడు. ఒంపు తప్ప ఇంకేమీ లేదు దానిలో, షేడ్‌లు ఒక్కటే చూసుకుంటే చాలు.

కిటికీపక్క
నలిపి మళ్ళీ విప్పిన తెల్లకాగితం కూడా బాగుంటుంది. రంగు లేదు కాబట్టి నీడల్లో ఎన్ని రంగులున్నాయో దానిలోనే తెలుస్తుంది.

పాతఇనుము
మేకు అయిపోయింది. మట్టిరంగు గారి మాట విని తడిలో చెయ్యి పెట్టలేదు, తల దగ్గర పెచ్చులు వాటంతట అవే వచ్చాయి. ఒక అనుమానం. ఎర్ర దారం రీలు వేద్దామనుకుంటున్నా, అలిజరిన్ క్రిమ్సన్ వాడొచ్చా? గోడకి తగిలిస్తే వెలిసిపోతుందని ఎక్కడో విన్నాను.

మట్టిరంగు
విన్నది నిజమే. ట్యూబ్ వెనక పీఆర్83 అని ఉంటే అది వెలుగుకి వెలిసిపోయే రకం, పలచటి పూతల్లో ఇంకా త్వరగా. దాని బదులు పీవీ19 క్వినాక్రిడోన్ తీసుకోండి, కొంచెం ముదురు కావాలంటే పైన సన్నగా అల్ట్రామెరీన్ పూత. అలిజరిన్ అని పేరున్న ట్యూబులు కొన్నిటిలో ఇప్పుడు పీవీ19 లాంటివే పెడుతున్నారు, పేరు చూడకండి, కోడ్ చూడండి. నమ్మకం లేకపోతే కాగితం ముక్క మీద రెండు రంగులూ పట్టీలుగా వేసి, సగం మందపాటి అట్టతో మూసి, ఎండ తగిలే కిటికీకి అంటించి కొన్ని నెలలు వదిలేయండి.

పాతఇనుము
ట్యూబ్ చూశా, 83 అనే ఉంది. పట్టీ ఇవాళే అంటిస్తా, రీలు మాత్రం పీవీ19తోనే.

సగంగీత
రాయి దొరికింది. అట్టపెట్టె కోస్తున్నా. ల్యాంప్ ఎడమ పక్కన పెట్టాలా, కుడి పక్కనా?

ఎండపొడ
కుడిచేత్తో వేస్తే ఎడమ పక్కన. లేకపోతే మీ చేతి నీడ కాగితం మీదే పడుతుంది.